తప్పు కట్టతో కేసముద్రం మీదుగా

నా భార్య సులోచన పోయి పదకొండు నెలలైంది. నిజానికి ఈ ప్రయాణం ఆమెది. హనుమకొండలోని మా సంఘం ఏటా శ్రమకాలంలో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల్లో, ఒక శనివారం కేసముద్రం దగ్గరి ఊరికి సువార్త చెప్పడానికి వెళుతుంది. సులోచన పన్నెండేళ్లు వెళ్లింది. నా వంతు ఆమెను ఉదయం స్కూటర్ మీద వరంగల్ స్టేషన్‌లో దింపడం, సాయంత్రం మళ్లీ ఎక్కించుకోవడం. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు చివరి బల్ల మీద, ఫ్యాను కింద కూర్చుంటాను. సువార్త చెప్పడం మాటకారుల పని అని నా అభిప్రాయం. మా పెళ్లయిన కొత్తలోనే ఈ పని మేం పంచుకున్నాం. మాటలు ఆమెవి, స్కూటర్ నాది.

ఫిబ్రవరి చివర్లో పాస్టరుగారు ఇంటికి వచ్చారు. ఆయన్ని మేం అయ్యగారు అంటాం. చాయ్ తాగి, "సారూ, ఈసారి రైల్ల సులోచనమ్మ సీటు ఖాళీగ ఉంటది" అన్నారు. ప్యాసింజర్ బండిలో సీట్లు చాలానే ఖాళీగా ఉంటాయన్నాను. ఆయన నవ్వలేదు. "మిగిలిన కరపత్రాల కట్ట అమ్మ దగ్గరనే ఉండాలె, అది గూడ తీసుకరండి" అని ప్రార్థన చేసి వెళ్లిపోయారు. రమ్మని అడగలేదు, వస్తానని నేను అనలేదు. అయినా ప్రార్థనలో నా ప్రయాణం క్షేమంగా జరగాలని కోరేశారు.

నేను వెళ్లింది సీటు కోసం కాదు. ఆ ఊళ్లో కొమురమ్మ అని ఒకావిడ ఉంది. మిర్చి, పత్తి పండిస్తుంది. సులోచన ఏటా మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే భోంచేసేది, ఏటా ఆమెకు సువార్త చెప్పేది. ఆమె ఏటా "పంట అమ్మినంక చూద్దాం" అనేది. పోయినేడు ఇదే రోజుల్లో సులోచన దవాఖానలో ఉంది. మా వాళ్లు ఊళ్లో ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పి వచ్చారు. చివరి వారంలో సులోచన నాతో, "కొమురమ్మకు మీరే చెప్పండి. నా కోసం చూస్తూ కూర్చుంటుంది" అంది. నేను చెప్పలేదు. కొమురమ్మకే కాదు, ఎవరికీ ఆ మాట నోటితో చెప్పలేదు. మా గ్యాస్ కనెక్షన్ సులోచన పేరు మీద ఉంది. ఒకరోజు ఫోన్ వచ్చింది. మేడం ఉన్నారా అన్నారు. లేరన్నాను. ఎప్పుడొస్తారన్నారు. తెలియదన్నాను. వచ్చాక ఫోన్ చేయమనండి అన్నారు. సరేనన్నాను.

కాబట్టి ఈ యాత్రలో నా పని ఒక్కటే. కొమురమ్మకు ఆ మాట చెప్పడం. నాకంటే ముందు ఊళ్లో ఎవరూ నోరెత్తొద్దని అయ్యగారి దగ్గర మాట తీసుకున్నాను. కరపత్రాల కట్ట బీరువా పై అరలో, ఖాకీ కాగితంలో చుట్టి ఉంది. ఒక మూల చిరిగి లోపలి సిలువ బొమ్మ కనబడింది. చాలనుకుని సంచిలో వేసుకున్నాను. తప్పు అక్కడే జరిగింది. నాకు తెలిసింది మాత్రం మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నరకు.

వరంగల్‌లో ఉదయం ఏడింటికి బండెక్కాం. మొత్తం ఎనిమిది మందిమి, ఒక మైకు పెట్టె, రెండు డోలకులు. టికెట్ మనిషికి ముప్పై రూపాయలు. మేం వెళ్లిన రోజు ముప్పావు గంటలో కేసముద్రం చేరింది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ పడదు. స్టేషన్ బయట రేకుల కింద ఒక టిఫిన్ బండి ఉంటుంది. నాలుగు ఇడ్లీలు ముప్పై. వడ్డించే ఆయన మా డోలకులు చూసి, "చర్చోళ్లేనా? మీకు కారం తక్కువేస్త. దినమంత మాట్లాడాలె, గొంతు ఖరాబయితది" అన్నాడు. నేను మాట్లాడేవాడిని కాదని చెప్పి మామూలు కారమే వేయించుకున్నాను. ఆయనకు గొంతు మీద ఉన్న శ్రద్ధ కడుపు మీద లేదు.

కేసముద్రం నుంచి ఊరు ఏడు కిలోమీటర్లు. ఊరి పేరు రాయడం లేదు. రాయొద్దని కొమురమ్మ షరతు. మా వాళ్లను పదేళ్లుగా తీసుకెళ్లే ఆటో సాంబయ్యది. మనిషికి ముప్పై తీసుకుంటాడు, మైకు పెట్టెను ఇద్దరు మనుషుల కింద లెక్కిస్తాడు. పెట్టెకు కాళ్లు లేవు కదా అంటే, "కాళ్లుంటే నడిచి పోవు గద సారూ" అన్నాడు. అతను ప్రతి మంగళవారం గుడికి వెళ్లే మనిషి. అయినా అయ్యగారి ప్రసంగాలన్నీ అతనికి కంఠతా వచ్చు.

"అయ్యగారూ, ఈపారి తప్పిపోయిన గొర్రెనా, తప్పిపోయిన కొడుకా?" అని అడిగాడు.

"కొడుకు" అన్నారు అయ్యగారు.

"కొడుకైతే గంటంబావు పడ్తది. గొర్రె అయితే ముప్పావు గంటల దొరుకుతది. గొర్రె చెప్పుండ్రి జర. నాకు నాలుగింటికి మార్కెట్ కాడ మిర్చి కిరాయున్నది."

"దేవుని వాక్యానికి టైం పెడ్తావు సాంబయ్యా?"

"నేను పెడ్తలేనండి. మిర్చి పెడ్తాంది."

ఊరికి తొమ్మింపావుకు చేరాం. ఇలా వెళ్లాలనుకునేవాళ్లు ముందురోజే సర్పంచ్‌కు ఫోన్ చేసి అడగాలి. మా అయ్యగారు అడుగుతారు. మార్చి మొదటి వారం కాబట్టి ఊరి చుట్టూ మిర్చి ఆరబోసి ఉంది. ఎర్రగా, చూడటానికి బాగుంటుంది. పీల్చడానికి బాగుండదు. ఆటో దిగగానే అయ్యగారు చేసిన ప్రార్థనలో నేను ఏడు తుమ్ములు లెక్కపెట్టాను. అందులో రెండు ఆయనవే.

సువార్తకు ఇద్దరిద్దరుగా వెళ్లడం మా పద్ధతి. శిష్యులను యేసు అలాగే పంపాడు. నా జతగా రూతమ్మను వేశారు. ఆమె రిటైర్డ్ నర్సు, డెబ్బై దాటాయి. పన్నెండేళ్లూ సులోచనకు జత ఆమే. "తమ్మీ, నువ్వు కాయితం ఇయ్యి, నేను మాట్లాడ్త. నాకు కంటి ఆపరేషనై పదిహేను దినాలే అయింది, అచ్చు అక్షరం కానొస్తలేదు" అంది. నాకు ఇష్టమైన ఏర్పాటు. కట్ట విప్పాను. మడిచిన చిన్న కాగితాలు, పైన సిలువ, కింద వాక్యం. ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో ప్రశ్నపత్రాలు పంచిన అలవాటుతో, మొహం చూడకుండా చేతిలో పెట్టి ముందుకు నడవడం మొదలుపెట్టాను.

మొదటి ఇంట్లోనే చేట పట్టుకున్న ఒకామె, "సులోచనక్క రాలేదా?" అని అడిగింది. రాలేదని చెప్పి, కాగితం చేతిలో పెట్టి, తర్వాతి ఇంటికి నడిచాను. వెనకనుంచి "ఓ సారూ!" అని పిలిచింది. నడక పెంచాను. రూతమ్మ నా వెనక ఒక ఇల్లు దూరంలో వస్తోంది. ఆమె చెప్పే సువార్త ముందుగా మోకాళ్లతో మొదలవుతుంది. ఎవరింటికి వెళ్లినా బీపీ గోళీల డబ్బా తెచ్చి ఆమె ముందు పెడతారు. ఇది సువార్తేనా అని ఒకచోట అడిగాను. "ఆయన గూడ ముందు రోగం బాగుచేసిండు తమ్మీ, ఆ తర్వాతనే మాట్లాడిండు" అంది.

పది గంటలకల్లా నాకు ఆశ్చర్యం మొదలైంది. జనం కాగితం విప్పి చూసి ఒక్కసారిగా మౌనమైపోతున్నారు. ఒక పెద్దాయన తలకు చుట్టిన తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒకామె కాగితాన్ని కళ్లకద్దుకుంది. ఇంకొకాయన నా భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు. ఈ ఊళ్లో కరపత్రాలు ఎవరూ చదవరని, పల్లీలు పొట్లం కట్టుకుంటారని మా వాళ్లు ఏటా బాధపడతారు. పంచడం రాక అంటున్నారనుకున్నాను. కొంచెం గర్వపడ్డాను కూడా. ప్రతి ఇంట్లో చాయ్ ఇచ్చారు. నాకు షుగర్ ఉందని చెబితే, "ఇయ్యాల గవన్ని చూడకు సారూ, తాగు" అన్నారు. ఇంత ప్రేమగల ఊరిని సులోచన నాకు ఎందుకు చూపించలేదా అనుకున్నాను. పన్నెండేళ్లలో ఏడాదికోసారి రమ్మని అడిగిందని వెంటనే గుర్తొచ్చింది.

నాలుగో వీధిలో, గేదెకు నీళ్లు పెడుతున్న ఒకామె కాగితం విప్పి చూసి, బకెట్ కింద పెట్టేసింది.

"ఎప్పుడాయె సారూ ఇది?" అంది.

రూతమ్మ పక్కింట్లో ఎవరి చెయ్యో పట్టుకుని నాడి చూస్తోంది. సువార్త నేనే చెప్పాల్సి వచ్చింది. "రెండువేల ఏళ్లయింది" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎట్లాయె?"

"సిలువ వేశారు."

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. నా మొదటి సువార్త ఇంత బలంగా తగులుతుందని అనుకోలేదు. తర్వాత ఆమె రూతమ్మ దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పింది. అదేమిటో రూతమ్మ నాకు సాయంత్రం బస్సులో చెప్పింది. "నర్సమ్మా, సారుకు దుఃఖంల దిమాక్ పనిచేస్తలేదు. జర నిద్రగోళీ ఇయ్యుండ్రి." రూతమ్మకు సగం అర్థమై, సరేనందట.

కొమురమ్మ ఇల్లు ఊరి చివర, మిర్చి కల్లం పక్కన ఉంది. పదకొండు నుంచి నాకు అది దూరంగా కనబడుతూనే ఉంది. ఈ వీధి అయ్యాక, ఆ వీధి అయ్యాక అంటూ తిప్పాను. "ఇల్లు అటుంటే ఇటెందుకు గుంజుతానవు తమ్మీ?" అని రూతమ్మ నిలబడిపోయింది. ఏం చెప్పాలో మనసులో నాలుగు రకాలుగా రాసుకుంటున్నానని ఆమెకు చెప్పలేదు. ఆ నాలుగు రకాల్లోనూ అసలు మాట లేదు. పన్నెండున్నరకు ఇక వీధులు అయిపోయాయి.

కొమురమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. పొట్టి మనిషి. చేతులకు మిర్చి ఎరుపు. ఆ చేతిలో మా కాగితం విప్పి ఉంది. నేను ఇవ్వకముందే ఆమెకు ఎవరో తెచ్చి ఇచ్చారు. పెట్టని కోటలా పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు.

"ఇదేంది?" అని కాగితం నా మొహం ముందు పెట్టింది.

చూశాను. లోపల సులోచన ఫోటో ఉంది. ఆకుపచ్చ చీర. ఆమె టీచరుగా రిటైరైన రోజు స్కూల్లో తీసింది. కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆదరణ కూడిక జరిగే సమయం. చనిపోయినవారి ఇంట్లో కుటుంబానికి ధైర్యం చెప్పడానికి మేం పెట్టుకునే ప్రార్థన అది. దానికోసం రెండు వందల కార్డులు వేయించాను. సగానికి పైగా మిగిలాయి. కరపత్రాలు అచ్చువేసిన ప్రెస్సే వీటినీ వేసింది, అదే సైజు, అదే సిలువ, అదే ఖాకీ చుట్ట. ఫోటో చూడలేక ఆ కట్టను నేను పదకొండు నెలలుగా విప్పలేదు. ఆ పొద్దున విప్పి, ఇంటింటికీ ఇచ్చి వచ్చాను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నవాణ్ణి నేను.

"తప్పు కట్ట తెచ్చిన" అన్నాను.

"ఊరందరికి పంచుకుంట వచ్చి, నా ఇంటికి ఆఖర్ల వస్తవా? నేను బయటిదాన్నా?" కొమురమ్మ గొంతు ఊరి అవతలి వరకు వినబడుతుంది, మైకు అవసరం లేదు. "ఇదే సులోచనైతే ముందుగాల నా ఇంటికే వచ్చేది!"

"అవును" అన్నాను.

"నాకు చదువు రాదు. పటమున్నది, తారీకులున్నయ్ అంటాండ్రు వీళ్లు. నేను నమ్మ. నువ్వు చెప్పు. నోటితోని చెప్పు."

రూతమ్మ వైపు చూశాను. పొద్దున్నుంచి ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడిన మనిషి, కార్డును కంటికి దగ్గరగా పెట్టుకుని నిలబడి ఉంది.

"సులోచన చనిపోయింది" అన్నాను. "పోయినేడు ఏప్రిల్‌ల. మీకు చెప్పమన్నది. నేను రాలేదు."

కొమురమ్మ అరుగు మీద కూర్చుంది. కాసేపు ఏడ్చింది, నన్ను కాసేపు తిట్టింది, మళ్లీ ఏడ్చింది. మూడూ అయ్యాక లేచి అన్నం పెట్టింది. పప్పు, గోంగూర. తిన్నాక లోపలినుంచి ఒక బెల్లం ముద్ద తెచ్చి నా ముందు పెట్టింది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు బెల్లం మొక్కుతారు, దాన్ని బంగారం అంటారు. జాతర అయి అప్పటికి నెల. నా చెయ్యి ఆగడం చూసి, "మొక్కింది గాదు, ఫికర్ చెయ్యకు. మొక్కింది నీ పెండ్లాం తినదు గద. గందుకే ముందుగాల్నే ఆమె ముక్క తుంచి పక్కకు పెట్టి, మిగిలింది తల్లులకు తీస్కపోత. ప్రతి జాతరకు గట్లనే చేస్త" అంది. రెండేళ్లకోసారి మా ఇంటికి ఇలాంటి ముద్ద ఒకటి వచ్చేది. కేసముద్రం మార్కెట్లో కొన్నదనుకునేవాణ్ణి. ఎంత పెట్టి కొన్నావని అడిగితే సులోచన నవ్వేది. నేను తిన్నాను. షుగర్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు కొమురమ్మ అడిగింది. "గిప్పుడు ఏడున్నది ఆమె?"

మళ్లీ రూతమ్మ వైపు చూశాను. ఆమె తన మోకాలు చూసుకుంటోంది. "దేవుని దగ్గర" అన్నాను.

"నువ్వు చూసినవా?"

"లేదు."

"మళ్ల కలుస్తరా మీరిద్దరు?"

"కలుస్తం."

"గట్టిగ నమ్ముతానవా?"

పాస్టరు దగ్గరైతే వెంటనే అవుననేవాణ్ణి. "కొన్ని దినాలు గట్టిగ నమ్ముత" అన్నాను. "కొన్ని దినాలు అంత గట్టిగ కాదు."

"ఇయ్యాల?"

"ఇయ్యాల గట్టిగనే."

కొమురమ్మ బెల్లం ముద్ద నా వైపు ఇంకాస్త జరిపింది. "సులోచన పన్నెండేండ్లు చెప్పింది. ఒక్కనాడు గూడ 'కొన్ని దినాలు కాదు' అనలే. గంత గట్టి నమ్మకం నాతోని కాదనుకున్న. నీ అసొంటోల్లను గూడ రానిస్తరన్నట్టు."

"చివరి బల్ల మీద కూసోబెడ్తరు" అన్నాను.

ఆమె నవ్వింది. చర్చికి వస్తానని ఆమె అనలేదు, రమ్మని నేనూ అడగలేదు. అడగాలని గుర్తు రాలేదు.

మూడింటికి కల్లం దగ్గర కూడిక. ఏటా పదిమంది, ఒక మేక వస్తారని విన్నాను. ఆ రోజు ఊరు ఊరంతా వచ్చింది. మిర్చి బస్తాల మీద, గోడల మీద, ట్రాక్టర్ మీద కూర్చున్నారు. అయ్యగారు ఆకాశం వైపు చూసి చేతులు జోడించారు. ఇదెలా జరిగిందని నన్ను అడిగారు. కరపత్రాల వల్ల అన్నాను, ఒకటి చేతిలో పెట్టాను. ఆయన విప్పి చూసి, తప్పిపోయిన కొడుకు ప్రసంగం రాసుకున్న కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు ఆయన ప్రసంగం పన్నెండు నిమిషాలు. సులోచన ఏం నమ్మిందో చెప్పారు, అది ఎందుకు నమ్మిందో చెప్పారు, నాలుగుసార్లు తుమ్మారు, ముగించారు. తర్వాత కొమురమ్మ లేచి, సులోచన ఏటా పాడే పాట పాడమంది. మేం మొదలుపెట్టాం. మేం రెండో చరణంలో తడబడితే ఊరివాళ్లు అందుకున్నారు. పన్నెండేళ్లు మైకులో విన్న పాట కదా. రాగం బతుకమ్మ పాటలా మారిపోయింది, కానీ ఎవరూ ఆపలేదు. చివర్లో కార్డు అందనివాళ్లు వచ్చి అడిగి తీసుకున్నారు. కట్టలో ఒక్కటి మిగల్లేదు. సాంబయ్య రెండు తీసుకున్నాడు. నాలుగున్నరైంది, నీ మిర్చి కిరాయేమైందని అడిగితే, "మిర్చి రేపు గూడ ఎర్రగనే ఉంటది సారూ" అన్నాడు.

ఇంటికి వచ్చి వారమైంది. సువార్త మాటకారుల పని అని నలభై ఏళ్లు అనుకున్నాను. ఆ రోజు నేను నిజంగా చెప్పినవి రెండే మాటలు. సులోచన చనిపోయింది. మేం మళ్లీ కలుస్తాం. మొదటిది గొంతులోనే పెట్టుకుని పదకొండు నెలలు రెండోది నమ్మాలని చూశాను, కుదరలేదు. ఒకటి పైకి వచ్చాకే రెండోది వచ్చింది. నిన్న గ్యాస్ వాళ్లకు ఫోన్ చేసి కనెక్షన్ నా పేరు మీదికి మార్చమని, కారణం కూడా చెప్పాను. అటువైపు అమ్మాయి ఆధార్ కాపీ ఒకటి పంపమంది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. తిరుగు రైలు కేసముద్రంలో ఐదున్నరకు ఉంటుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. ఆ ఊళ్లో ఎవరూ ఐదింటికి వదలరు. ఆరున్నర దాటాక మహబూబాబాద్ వైపు నుంచి వరంగల్ బస్సు వస్తుంది. సీటు దొరకదు, నిలబడే రావాలి. ఊళ్లోనే కాళ్లకు కాస్త విశ్రాంతి ఇచ్చుకోండి, ఎవరి అరుగు మీదైనా కూర్చోనిస్తారు.